గొట్టం ఇంటిపేరే చెబుతుంది

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం సముద్రపు పురుగులు కట్టుకునే గొట్టాల గురించే. వానలు వెలిసి, సముద్రం లోపలున్నదంతా ఒడ్డున పారబోసి పోయింది కదా, చెన్నైలో ఉన్న మన పాఠకులంతా కవర్లు పట్టుకుని బీచ్‌లో తిరిగినట్టున్నారు. అందుకే తాబేళ్ళు, జెల్లీ చేపల ప్రశ్నలు వచ్చే నెలకి వాయిదా వేసి, ఈసారి గొట్టం పురుగులకే పేజీలన్నీ ఇచ్చేస్తున్నా.

ప్రశ్న: నమస్తే మేడమ్. మేం బీసెంట్ నగర్‌లో ఉంటాం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి, స్కూల్లో తీరంలోని జీవుల మీద ప్రాజెక్టు ఇచ్చారు. వాన వెలిసిన మర్నాడు ఇలియట్స్ బీచ్‌లో ఒక గొట్టం దొరికింది, తోలులా మెత్తగా, చిటికెన వేలంత లావు, పైనంతా గుల్లముక్కలూ నాచూ అంటుకుని ఉన్నాయి. రెండోది మా తమ్ముడు కాశిమేడు నుంచి తెచ్చిన తాడు ముక్క, దాని మీద తెల్లటి గొట్టాలు సేమ్యా పోగుల్లా వంకర టింకరగా పెనవేసుకుని గట్టిగా ఉన్నాయి. ఫొటో తీసి యాప్‌లో పెడితే మొదటిది డయోపాట్రా నియపాలిటానా, రెండోది హైడ్రాయిడిస్ నార్వేజికా అని చెప్పింది. టీచర్ మాత్రం రెండూ పగడాలే అంటున్నారట. చార్ట్ మీద ఏం రాయమంటారు? సోమవారం ఇవ్వాలి, పిల్ల కన్నా నాకే టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ ఉత్తరం చూసిన రోజే ఫోన్‌లో రెండు ముక్కలు పంపాను కాబట్టి ఆ సోమవారం గండం గడిచే ఉంటుందమ్మా. మిగతావాళ్ళ కోసం ఇక్కడ కాస్త విడమరిచి రాస్తున్నా.

పగడాలు మాత్రం కావు. టీచర్‌గారితో వాదన పెట్టుకోనక్కర్లేదు, తాడు మీది గొట్టం ఒకటి విరిచి చూపించమనండి చాలు. ఈ చివర నుంచి ఆ చివరి దాకా బోలుగా ఉంటుంది. పగడంలోనైతే ఒక్కో జీవి కూర్చునే గిన్నె లోపల బత్తాయి తొనల మధ్య పొరల్లాగా గోడలుంటాయి, పైగా ఆ జీవి గిన్నెకి అతుక్కుపోయి ఉంటుంది. పురుగు గొట్టానికి అతుక్కోదు, లోపల పైకీ కిందికీ తిరుగుతుంది, భయమేస్తే చటుక్కున అడుక్కి జారిపోతుంది. వానపాములు, జలగలు ఉండే అనెలిడా వర్గంలోవే ఇవీ, కాకపోతే సముద్రపు చుట్టాలు. ఒళ్ళంతా ఉంగరాలు, ఉంగరాల పక్కన కుచ్చుల్లాగా శూకాలు, అంటే గట్టి వెంట్రుకలన్నమాట. అందుకే పాలికీటులు అన్నారు, బోలెడు వెంట్రుకలున్నవి అని. ప్రపంచంలో వీటి జాతులు పది వేల పైచిలుకే.

ఇక పేరు సంగతి. గొట్టం దొరకగానే మొదట చూడాల్సింది అది దేనితో కట్టిందీ అని. సున్నంతో కట్టి గట్టిగా తెల్లగా ఉంటే సెర్పులిడే కుటుంబం. ఇసుక రేణువుల్ని సిమెంటు పెట్టినట్టు అతికించి, రాళ్ళ మీద తేనెపట్టులా గుంపుగా కడితే సాబెల్లారిడే. బురదా జిగురూ కలిపిన మెత్తటి రబ్బరు గొట్టంలోంచి ఈకల కుచ్చు బయటికొస్తే సాబెల్లిడే. కాగితంలాంటి గొట్టం ఇసుకలో యు ఆకారంలో పాతుకుని రెండు కొసలే పైకి కనిపిస్తే కీటాప్టెరిడే, దాని పురుగు చీకట్లో వెలుగుతుంది కూడా. ఒక్క వరస ఇసుక రేణువుల్ని ఏరి ఏరి పేర్చి ఐస్‌క్రీం కోన్‌లా చేసుకునేవి పెక్టినారిడే, నాకు ఇష్టమైనవి ఇవే, ఏ కంసాలీ అంత నీటుగా పొదగలేడు. తోలు గొట్టం పైకొసకి గుల్లముక్కలూ ఆకులూ తగిలించుకుంటే చాలా మటుకు ఆన్యుఫిడే, అందులో డయోపాట్రా. మీ మొదటి గొట్టం అదే.

గొట్టం చెప్పేది ఇంతవరకే, ఇంటిపేరు వరకు. అసలు పేరు పురుగు ఒంటి మీద రాసి ఉంటుంది. చెన్నైలో ఉండే తెలుగువాళ్ళకి ఈ బాధ బాగా అర్థమవుతుంది, స్కూల్లో పిల్లని చేర్చేటప్పుడు మనం ఇంటిపేరు ముందు రాస్తే వాళ్ళు అది తండ్రి పేరు తాలూకు ఇనిషియల్ అనుకుని ఫైలు పట్టుకుని మనల్ని రెండుసార్లు తిప్పుతారు. శాస్త్రం పేర్లు మాత్రం మన పద్ధతే. ముందు ప్రజాతి, తర్వాత జాతి, ఇంటిపేరు ముందొచ్చి అసలు పేరు తర్వాత వచ్చినట్టే. మీ యాప్ ఇంటిపేరు సరిగ్గానే పట్టింది, అసలు పేరు దగ్గరే బోల్తా పడింది.

ఎందుకో చెబుతా. ఆ తాడు ముక్క ఇంకా బతికుంటే (ఫ్రిజ్‌లో పెట్టారంటే లేదనే అనుకోండి) ఒక తెల్లటి గిన్నెలో సముద్రపు నీళ్ళు పోసి అందులో పెట్టి, కదపకుండా ఓ ఇరవై నిమిషాలు ఆగాలి. గొట్టాల చివర్ల నుంచి గోరు కొన కన్నా చిన్న కుచ్చులు విచ్చుకుంటాయి. అదే దాని నోరు చుట్టూ ఉండే కిరీటం, ఊపిరికీ తిండికీ రెంటికీ అదే. ఆ ఈకల మధ్య ఒక కాడ, కాడ చివర ఒక మూత ఉంటుంది. కుచ్చులోని ఒక ఈకే అలా మూతగా మారింది. పురుగు లోపలికి జారినప్పుడు ఆ మూత వచ్చి గొట్టం నోటికి సరిగ్గా బిరడాలా బిగుసుకుంటుంది. మీ చెయ్యి నీడ పడిందా, అంతే, గిన్నె మొత్తం ఒక్క రెప్పపాటులో ఖాళీ. మళ్ళీ ఇరవై నిమిషాలు. నేను భూతద్దం చేతపట్టుకుని ఇలా ఒక ఆదివారం మధ్యాహ్నమంతా కూర్చుంటే మావారు అన్నం చల్లారిపోతోందని నాలుగుసార్లు కేకేశారు.

హైడ్రాయిడిస్ మూత రెండంతస్తులుగా ఉంటుంది. కింద అంచు రంపపు పళ్ళలా ఉన్న ఒక గరాటు, దాని మధ్యలోంచి లేచిన ముళ్ళ కిరీటం, పువ్వులో ఇంకో పువ్వు గుచ్చినట్టు. పదింతలు చూపించే భూతద్దంతో ఇంతవరకు కనిపిస్తుంది, ప్రజాతి ఖాయమవుతుంది. కానీ ఈ ఒక్క ప్రజాతిలోనే వందకు పైగా జాతులున్నాయి. వాటిని విడదీసేది ఆ కిరీటంలోని ఒక్కో ముల్లుకి పక్కల పిల్లముళ్ళు ఉన్నాయా, లోపలి వైపున్నాయా, ఎన్ని, ముళ్ళన్నీ ఒకే తీరా లేక ఒకటి మాత్రం పెద్దదా, మెడ దగ్గరి శూకాలు తుపాకీ బాయ్‌నెట్‌లా ఎలా చెక్కి ఉన్నాయి, ఇలాంటివి. దానికి మైక్రోస్కోప్ కావాలి. మీరు పంపిన ఫొటోలో మూతే లేదు, గొట్టాలే ఉన్నాయి. మూత చూడకుండా జాతి పేరు చెప్పడమంటే మెట్టెలు చూసి మనిషి పేరు చెప్పడం లాంటిది.

మరి నార్వేజికా అని యాప్ ఎందుకంది? పేరులోనే నార్వే ఉంది చూడండి. 1768లో గున్నెరుస్ అనే నార్వే బిషప్ తన చలిసముద్రంలో దొరికినదానికి పెట్టిన పేరు అది. 1883లో హాస్వెల్ అనే ఆయన సిడ్నీ రేవులో దొరికినదానికి ఎలిగాన్స్ అని పేరు పెట్టాడు. ఈ రెండూ ఒకటేనని చాలాకాలం కలిపేసుకున్నారు, దాంతో వెచ్చటి రేవుల్లో పడవలకి పట్టిందల్లా నార్వేజికా అయిపోయింది. 1940ల్లో మద్రాసు హార్బర్ మీద వచ్చిన పాత పరిశోధనల్లోనూ ఈ పేరే కనిపిస్తుంది. 1971లో జిబ్రోవియుస్ అనే పరిశోధకుడు మూతలు చూసి రెంటినీ మళ్ళీ విడదీశాడు. నార్వేజికా చల్లటి, లోతు నీళ్ళది, రేవుల్లో గుంపులు కట్టేది ఎక్కువగా ఎలిగాన్స్. కానీ పాత పేరు పుస్తకాల్లో, అక్కణ్ణుంచి వెబ్‌సైట్లలో, అక్కణ్ణుంచి యాప్ బుర్రలో కూర్చుంది. అక్కడక్కడా నార్వేజికస్ అని కూడా కనిపిస్తుంది, అది వ్యాకరణం గొడవ, ప్రజాతి పేరు స్త్రీలింగమా పుంలింగమా అని.

డయోపాట్రా కథ కూడా అలాంటిదే. నియపాలిటానా అంటే నేపుల్స్‌ది అని. ఇటలీలో నేపుల్స్ దగ్గర దొరికినదానికి 1841లో పెట్టిన పేరు, మన తీరాల పాత జాబితాల్లోకీ వచ్చి కూర్చుంది. మనదాకా ఎందుకు, ఫ్రాన్స్ అట్లాంటిక్ తీరంలో ఏళ్ళ తరబడి నియపాలిటానా అనుకున్నది వేరే జాతి అని తేలి, 2012లో దానికి డయోపాట్రా బిస్కేయెన్సిస్ అని కొత్త పేరు పెట్టారు. నేపుల్స్‌కి అంత దగ్గర్లోనే అలా అయితే ఇలియట్స్ బీచ్ మాటేమిటి. దీన్ని తేల్చాలంటే తల మీది ఐదు మీసాల మొదట్లో ఉంగరాలెన్ని, సీసాలు కడిగే బ్రష్‌లా ఉండే మొప్పలు ఎన్నో ఉంగరం దగ్గర మొదలవుతాయి, దువ్వెన శూకాలకి పళ్ళెన్ని అని లెక్కపెట్టాలి. మీకు దొరికింది ఖాళీ గొట్టమేమో కూడా చూసుకోండి, అలలు తోసుకొచ్చేవి చాలావరకు ఖాళీవే. లోపల పురుగుంటే మటుకు వేలు పెట్టొద్దు, దీనికి దవడలున్నాయి.

చార్ట్ మీద ఇలా రాయించండి. మొదటిది "డయోపాట్రా ఎస్పీ." రెండోది "హైడ్రాయిడిస్ సీఎఫ్. ఎలిగాన్స్." ఎస్పీ అంటే పోలీసు ఎస్పీ కాదు, జాతి ఇంకా తేలలేదని చెప్పే పొట్టి మాట. సీఎఫ్ అంటే ఫలానాదానిలా ఉంది, పోల్చి చూడాలి అని. పెద్ద పెద్ద పరిశోధకులు కూడా సిగ్గుపడకుండా రాసే మాటలివి. టీచర్ మార్కులు తగ్గిస్తే ఈ పేజీ చూపించండి.

ప్రశ్న: మేడమ్, మాది రాయపురం, మా నాన్నగారికి రెండు ఫైబర్ బోట్లున్నాయి. అడుగున ఈ తెల్ల గొట్టాలు పట్టేసి, గీకించడానికే డబ్బులైపోతున్నాయి. పాత కాలంలో చెక్క పడవల్ని తొలిచేసిన పురుగు ఇదేనా? ఫైబర్‌ని కూడా తొలుస్తుందా?

జవాబు: కాదు బాబూ, భయపడకండి. చెక్కని తొలిచేది టెరిడో, దాన్ని ఓడపురుగు అంటారు గానీ అది పురుగే కాదు, ఆల్చిప్పల జాతి. దాని గుల్ల రెండు చిన్న రంపాల్లా మారి తల దగ్గర ఉంటుంది, దాంతో తొలుస్తుంది. మీ తెల్ల గొట్టాలవి తొలవ్వు, పైన కూర్చుంటాయంతే. నష్టం వేరే రకం. నున్నగా ఉండాల్సిన అడుగు గరుకై నీటిలో జారదు, అదే వేగానికి డీజిల్ ఎక్కువ తాగుతుంది.

ఇవి ఎలా పడతాయో తెలిస్తే గీకడం ఎప్పుడో తెలుస్తుంది. పడవని నీళ్ళలో దింపగానే దాని మీద ముందు బాక్టీరియా ఒక జిగురు పొరలా పేరుకుంటుంది, వేలితో రుద్దితే జారుతుందే, అది. హైడ్రాయిడిస్ ఎలిగాన్స్ పిల్ల లార్వాలు సుమారు ఐదు రోజులు నీళ్ళలో తేలుతూ తిరిగి, ఆ పొర తగిలినచోట దిగుతాయి. శుభ్రంగా ఉన్న చోట చాలా మటుకు దిగవు. హవాయిలోని పెర్ల్ హార్బర్ పురుగుల మీద ఏళ్ళ తరబడి పనిచేసి తేల్చిన సంగతి ఇది. దిగాక కొన్ని గంటల్లో రూపం మారి గొట్టం మొదలుపెడుతుంది, మూడు వారాలకల్లా గుడ్లు పెట్టే వయసొస్తుంది. కాబట్టి జిగురుగా ఉన్నప్పుడే మెత్తటి బ్రష్‌తో తుడిస్తే పోయేదాన్ని, నెల ఆగితే ఉలి పట్టుకుని కూర్చోవాలి. గీకిన గొట్టాలు నీళ్ళలో పారబోయకండి, ఒడ్డున ఎండలో వెయ్యండి.

ప్రశ్న: అమ్మా, నేను పెరంబూరు వాసిని, జువాలజీ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాను. 1970ల్లో మేం అడయారు ముఖద్వారంలో రాళ్ళ మీంచి తీసి, మెర్సియరెల్లా ఎనిగ్మాటికా అని చీటీ రాసి కాలేజీలో పెట్టిన సీసా ఒకటుంది. ఈమధ్య వెళ్తే ఎవరో కుర్రాడు చీటీ కొట్టేసి ఫైకోపొమాటస్ ఎనిగ్మాటికస్ అని రాశాడు. పురుగు అదే, పేరెందుకు మారింది? ఇలా పదేళ్ళకోసారి మారుస్తూ పోతే మేం చదివిన చదువేం కావాలి?

జవాబు: మాస్టారూ, మీ కోపం న్యాయమైనదే, కానీ ఆ కుర్రాడి తప్పేం లేదు. పైగా ఈ పేరు మార్పులో మన దేశానికి ఒక చిన్న గెలుపుంది, అది చెబితే మీరు కాస్త చల్లబడతారేమో.

రోలండ్ సదరన్ అనే ఆయన చిలకా సరస్సు, ఇంకా మన దేశంలోని ఉప్పుకలిసిన నీళ్ళ పురుగుల మీద 1921లో ఒక పెద్ద రచన అచ్చువేశాడు. అందులో కొచ్చి బ్యాక్‌వాటర్స్‌లో, అంటే అక్కడి ఉప్పుకలిసిన కాయల్ నీళ్ళలో, దొరికిన ఒక సున్నపు గొట్టం పురుగుకి ఫైకోపొమాటస్ అని కొత్త ప్రజాతి పెట్టాడు. ఫైకో అంటే అత్తిపండు, పొమా అంటే మూత. మూత మేడిపండులా ఉందని. మేడిపండుకీ పురుగుకీ ఉన్న చుట్టరికం మన తెలుగువాళ్ళకి ఒకరు చెప్పాలా. రెండేళ్ళ తర్వాత, 1923లో, ఫ్రాన్స్‌లో కాన్ ఊరి కాలవలో అలాంటిదే ఒకటి కుప్పలుగా దొరికితే ఫోవెల్ అనే ఆయన దానికి మెర్సియరెల్లా ఎనిగ్మాటికా అని పేరు పెట్టాడు, ఎనిగ్మా అంటే పొడుపుకథ. మన దేశపు పాలికీటుల మీద 1953లో అలహాబాద్‌లో అచ్చయిన ఐదొందల పేజీల లావుపాటి పుస్తకం రాసింది కూడా ఈ ఫోవెలే, మీ తరం వాళ్ళంతా ఆ పుస్తకం పట్టుకునే పేర్లు పెట్టి ఉంటారు, కాబట్టి మీ చీటీ ఆ రోజుకి తప్పేం కాదు.

తర్వాత 1978లో టెన్ హోవ్, వీర్డెన్‌బర్గ్ అనే ఇద్దరు ఈ నమూనాలన్నీ బల్ల మీద పెట్టుకుని చూసి, మెర్సియరెల్లాతో సహా వేరువేరుగా ఉన్న నాలుగైదు ప్రజాతులు నిజానికి ఒకటేనని తేల్చారు. కలిపేటప్పుడు ఏ పేరు ఉంచాలి? ముందు అచ్చయినదే. 1921 ముందా 1923 ముందా? కొచ్చి గెలిచింది, కాన్ ఓడిపోయింది. ప్రజాతి పేరు పుంలింగమైంది కనక ఎనిగ్మాటికా కాస్తా ఎనిగ్మాటికస్ అయింది. అంతే సంగతి.

అయితే మీ కుర్రాడికి నా తరఫున ఒక మాట చెప్పండి, ప్రజాతి దిద్దావు సరే, జాతి చూశావా అని. ఈ ప్రజాతిలో సదరన్ కొచ్చిలో చూసిన మాక్రోడాన్ ఉంది, 1960లో శ్రీలంక నుంచి వర్ణించిన ఉషకోవీ ఉంది, ఇవి కూడా మన వైపు నీళ్ళవే. మూత మీద నల్లటి కొమ్ములాంటి ముళ్ళు వరసలుగా లోపలికి వంగి ఉంటే ఎనిగ్మాటికస్ వైపు మొగ్గొచ్చు. సీసా మూత తీసి పురుగు మూత చూడకుండా పాత పేరుకి కొత్త బట్టలు తొడిగితే ఒరిగేదేముంది.

ఇంకో సంగతి చెబితే మీరు మళ్ళీ కోప్పడతారు. మనం పాలికీటా ఒక విభాగం, వానపాములు ఒకటి, జలగలు ఒకటి అని మూడు గడులుగా చదువుకున్నాం కదా. డీఎన్‌ఏ పోల్చి చూశాక వానపాములూ జలగలూ కూడా పాలికీటుల చెట్టులోనే ఒక కొమ్మ అని తేలింది. పొగొనోఫోరా అని వేరే వర్గంగా మనం బట్టీ పట్టిన లోతుసముద్రపు గొట్టం పురుగులు, 1977లో గాలపాగోస్ దగ్గర వేడినీటి ఊటల పక్కన దొరికిన మనిషంత రిఫ్టియా బంధువులు, ఇప్పుడు సిబోగ్లినిడే అనే ఒక్క కుటుంబంగా ఇందులోకే వచ్చి చేరాయి. వర్గం హోదా నుంచి కుటుంబం హోదాకి! కలెక్టర్‌ని తీసుకెళ్ళి విలేజీ ఆఫీసర్‌గా కూర్చోబెట్టినట్టు.

ప్రశ్న: కొళత్తూరు అక్వేరియం షాపులో ఫెదర్ డస్టర్ పురుగు కొన్నాను. నాలుగో రోజుకి ఈకల కుచ్చు మొత్తం ఊడి నీళ్ళలో తేలుతోంది. చచ్చిపోయినట్టేనా? షాపువాడు క్రిస్మస్ ట్రీ పురుగు కూడా ఇదేనంటున్నాడు.

జవాబు: తొందరపడి పారేయొద్దు. నీళ్ళు నచ్చకపోయినా, ఎవరైనా కొరికినా ఇవి కుచ్చు వదిలేస్తాయి, లోపల పురుగు బతికుంటే కొన్ని వారాల్లో మళ్ళీ మొలుస్తుంది, మొదట చిన్నగా. గొట్టం మెత్తబడి కంపు కొడితే మాత్రం అయిపోయినట్టే. షాపాయన మాట తప్పు. మీది సాబెల్లిడే, మెత్తటి గొట్టం, మూత లేదు. క్రిస్మస్ ట్రీ పురుగు స్పైరోబ్రాంకస్, సెర్పులిడే, పగడంలో పాతుకున్న సున్నపు గొట్టం, మూత ఉంది, రెండు కుచ్చులు మరమేకుల్లా చుట్టలు తిరిగి ఉంటాయి. దాన్ని పగడంతో సహా అమ్మజూపితే కొనకండి, మన దేశంలో పగడాలకి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది.

దిద్దుబాటు: కిందటి నెల తిరువాన్మియూర్ పాఠకుడు పంపిన చుట్టల గొట్టం ఫొటో చూసి సెర్పులిడే అని ఘంటాపథంగా రాసేశాను. ఆయన ఊరుకోకుండా గొట్టం పగలగొట్టి, లోపల గాజుపాలిష్‌లా మెరుస్తోంది, ఇలా ఉండొచ్చా అని మళ్ళీ రాశారు. ఉండకూడదు. తప్పు నాదే. అది పురుగు కాదు, వెర్మెటిడ్ నత్త. నత్తే, కాకపోతే చుట్టలు విప్పేసుకుని రాయికి అతుక్కుని పురుగులా బతుకుతుంది. దాని గుల్ల మూడు పొరలు, లోపలి పొర మెరుస్తుంది. పురుగు గొట్టం లోపల మెరుపుండదు, సుద్దలా ఉంటుంది. జీవులకి ఈ రెండు మాటల పేర్ల పద్ధతి పెట్టిన లినేయస్ కూడా 1758లో సెర్పులాని గుల్లజీవుల్లో వేసి ఇవీ అవీ కలిపేశాడు. ఆయనంతటివాడే పొరబడ్డాడని సమర్థించుకోవచ్చు గానీ, ఆయన దగ్గర ఫోనులో జూమ్ లేదు, నా దగ్గరుంది. ఇకనుంచి విరిచిన గొట్టం ఫొటో కూడా పంపితేగాని జవాబు రాయను.

ప్రశ్న: మేడమ్, నేను ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం. దొరికిన పురుగుల్ని పాడవకుండా దాచి ఎవరికైనా చూపించాలంటే ఎలా? నేను నేరుగా స్పిరిట్‌లో వేస్తే ముడుచుకుపోయి గుండ్రంగా అయిపోయాయి, మూత ఊడిపోయింది.

జవాబు: ముడుచుకోదా మరి, మంటపుట్టే నీళ్ళలో వేస్తే ఎవరైనా ముడుచుకుంటారు. ముందు మత్తివ్వాలి. మెగ్నీషియం క్లోరైడ్‌ని మంచినీళ్ళలో 7.5 శాతం కలిపి, అంతే కొలత సముద్రపు నీళ్ళు చేర్చి, అందులో పురుగుని వదిలితే మెల్లగా సాగి వదులవుతుంది. ముల్లుతో తాకినా కదలనప్పుడు తీయాలి. గొట్టం నుంచి లాగొద్దు, అలా లాగే మూత తెగ్గొట్టుకున్నారు మీరు. గొట్టాన్ని వెనక కొస నుంచి పట్టకారుతో కొద్దికొద్దిగా విరుచుకుంటూ రండి, పురుగు తనే బయటపడుతుంది. ఒకే చోట దొరికినవాటిలో కొన్ని ఫార్మలిన్‌లో, కొన్ని 95 శాతం ఆల్కహాల్‌లో పెట్టండి. ఫార్మలిన్‌లో ఆకారం బాగా నిలుస్తుంది గానీ డీఎన్‌ఏ పాడవుతుంది, ఆల్కహాల్‌లో డీఎన్‌ఏ దక్కుతుంది. ఫార్మలిన్ పని కాలేజీ ల్యాబ్‌లోనే చెయ్యండి, హాస్టల్ గదిలో కాదు, ఆ ఆవిరి మంచిది కాదు. గొట్టం ముక్క కూడా పురుగుతోపాటే ఉంచండి.

చెన్నైలో జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వారి మెరైన్ బయాలజీ కేంద్రం శాంథోమ్‌లో ఉంది. మీ గైడ్ చేత ముందుగా ఉత్తరం రాయించుకుని వెళ్ళండి. అక్కడిదాకా వెళ్ళేముందు మీరే ఒక మూత విడిగా తీసి స్లైడ్ మీద పెట్టి, పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి ఫొటో తీసుకోండి, చూసేవాళ్ళకి సగం పని తగ్గుతుంది.

చీటీ మాత్రం సీసా బయట అంటించకండి, లోపలే వెయ్యండి. ఎక్కడ, ఏ తారీకు, ఎంత లోతు, దేని మీద దొరికింది, ఎవరు తీశారు, ఇవన్నీ దళసరి కాగితం మీద పెన్సిల్‌తో రాయాలి. నేను మీ వయసులో ఉండగా కొత్తగా కొన్న ఇంకు పెన్నుతో ముత్యాల్లాంటి అక్షరాల్లో పద్నాలుగు చీటీలు రాసి పద్నాలుగు సీసాల్లో వేశాను. సెలవుల తర్వాత వచ్చి చూస్తే ఆల్కహాల్ పద్నాలుగు సీసాల్లోనూ లేత నీలంగా మారి ఉంది, కాగితాలు తెల్లగా ఉన్నాయి. ఏది ఎన్నూరుదో ఏది కోవళందో ఈ రోజుకీ నాకు తెలీదు.